బ్యాంకాక్ బోణీ

1998 నవంబరు, గురువారం రాత్రి. రాయదుర్గం.

ఆఫీసు పని మీద బ్యాంకాక్ వెళ్లొస్తే, ఇంటి ఓనరు యాదమ్మ అడిగింది ఒక్కటే. "బేరం చేసినవా బిడ్డా, అడిగినంత ఇచ్చినవా?"

చేశాను. భాష రాదు కదా, కాలిక్యులేటర్ మీద అంకెలు నొక్కుతూ ఒక గొడుగు కోసం పోట్లాడాను. అప్పుడే దుకాణం తెరిచిన ఆవిడ చివరికి నవ్వి, నేనిచ్చిన నోటుతో సరుకంతా తట్టింది. అరె, ఇది మన బోణీయే! కడప సంతలో నిలబడ్డట్టే అనిపించింది.

"గట్లనా! రేపు నా దుకాణంల బోణీ నువ్వే చెయ్యాలె" అంది యాదమ్మ. కొత్త ఆఫీసుల దారిలో గాజుల కొట్టు పెడుతోంది. కంప్యూటర్ల ముందు కూర్చునే ఆడపిల్లలు గాజులు కొంటారా అని నాకు దిగులు. నా చేతులే బోసిగా ఉన్నాయి.

రేపు నిండుతాయిలే. ఆమె చెప్పిన ధరకే కొనాలి. ఈ నోరు ఊరుకుంటే కదా...