సమాధికి ఇవతల హద్దురాయి

బంగారుపాళ్యం

సుజనక్కా,

ఫోన్లో నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు, అందుకే రాస్తున్నాను. రోడ్డు వెడల్పుకు నిధులు మంజూరయ్యాయి. అవతల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గోడ ఉందని, వెడల్పంతా మన తోట వైపే తీసుకున్నారు. హద్దురాయి నాయన సమాధికి ఇవతల నాటారు. సమాధి రోడ్డులోకి పోతుంది.

అభ్యంతరం రాసిమ్మన్నావు. రాయడానికి కూర్చుంటాను, లేస్తాను, తోటలోకి పోయొస్తాను. అభ్యంతరం పెడితే ప్లాను మళ్లీ మొదటికొస్తుందట, నిధులు వెనక్కి పోతాయట. ఈలోగా కాయల కాలం వచ్చేస్తుంది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లు మళ్లీ బారులు తీరతాయి. నాయన్ను తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోతూ అంబులెన్స్ ఇరుక్కుపోయింది ఆ బారులోనే కదా. పొద్దున ఆయన దగ్గరుండి కాయలు నింపించి పంపిన మన ట్రాక్టరు కూడా అందులోనే ఉంది.

నువ్వు ఒప్పుకోకుండా సమాధిని కదిలించను. నువ్వే వచ్చి అమ్మతో మాట్లాడు. నేను అడిగితే, సమాధి దగ్గర దీపం పెడుతూ తల తిప్పకుండానే అంది:

"దావ దొరక్కనే గదరా మీ నాయన పోయినాడు. ఇప్పుడు ఆయన్నే దావకు అడ్డం పెడతారా?"

నీ తమ్ముడు