నాలుగు మడతల చద్దరు

ఖుర్సీపార్, భిలాయి
5-5-1996

సహాయ సంఘం కార్యదర్శి షీబా గారికి,

పరంజ్యోతి వందనాలు. నా రాత కోడిగీతలు. ఒత్తులు కూడా తప్పుతాయి, క్షమించాలి. ఊళ్ళో నాలుగో తరగతితో చదువు ఆగింది. ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. మొన్న గుడిలో పాస్టరుగారు మీ కరపత్రం చదివారు. మలావి దేశంలో ఒక కొండపల్లెలో పిల్లలకు పైన కప్పేందుకు ఏమీ లేదట, చద్దర్లు పంపమన్నారు. మా ఇంట్లో ఒకటుంది. పాతదే గాని గట్టిది. పంపనా?

ఇట్లు, పరంజ్యోతి

ఇంకో మాట: దాని కింద ముగ్గురు పిల్లలు పడతారు.


విశాఖపట్నం
16-5-1996

ప్రభువునందు ప్రియమైన పరంజ్యోతి గారికి,

మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. పాతదైనా తప్పక పంపండి. ఓడలో చోటు తక్కువ కాబట్టి నాలుగు మడతలు పెట్టండి.

మీ సోదరి, షీబా

తా.క.: మెత్తగా ఉంటుందా? పసిపిల్లలు కదా.


ఖుర్సీపార్
27-5-1996

షీబా గారికి,

వందనాలు. మెత్తగా లేదండి, ఉన్నమాట చెప్పాలి. ఒక్క మడతకే సుత్తి పిడి ఊడింది. మా ఆవిడ మరియమ్మ బయటికొచ్చి, "ఏటయ్యా, ఈది ఈదంతా లెగిసిపోనాది. దానం చేస్తన్నావని డప్పు కొడతన్నావేటి?" అంది. సిగ్గేసి ఆపేశాను. మడతకు బదులు చుట్ట చుట్టి పంపితే తీసుకుంటారా?

ఇట్లు, పరంజ్యోతి


విశాఖపట్నం
7-6-1996

ప్రియమైన పరంజ్యోతి గారికి,

మీ రాత ఒకచోట తెలియలేదు. 'సుత్తి' అని కనబడింది. 'ఇస్త్రీ' అయివుంటుంది. శ్రమపడి ఇస్త్రీ చెయ్యకండి. గంజి ఎక్కువై బిరుసెక్కినట్టుంది. బాగా నానబెట్టి ఆరెయ్యండి, అదే లొంగుతుంది. చుట్ట చుట్టినా ఫరవాలేదు.

మీ సోదరి, షీబా

తా.క.: అంచులు కుట్టించడం మరవకండి.


ఖుర్సీపార్
20-6-1996

షీబా గారికి,

వందనాలు. నానబెట్టడానికి అంత తొట్టి దొరకలేదు. మరియమ్మ, పక్కింటి గున్నమ్మ చెరో కొసా పట్టుకుంటే బోరింగు కింద కడిగాను. తుప్పు పట్టకుండా ఎర్ర రంగు వేశాను. అంచుల్లో సూది దిగదు కదండీ, వెల్డింగు సింహాద్రి చేత వంచి అతికించాను. ఇక పిల్లలకు గీసుకోదు. పాస్టరుగారి లారీలో పంపేశాను.

ఇట్లు, పరంజ్యోతి

ఇంకో మాట: అది మా వంటింటి మీదిది. మేము కొత్తగా భిలాయి వచ్చినప్పుడు మా ఎబెన్ చంటివాడు. ఆ వానాకాలమంతా దాని కిందే బతికించుకున్నాం. ఇంకో చంటివాణ్ణి కాస్తుందని పంపాను. మరియమ్మ ఇప్పుడు ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఒక చేత్తో కూర కలుపుతోంది.


విశాఖపట్నం
14-1-1997

ప్రియమైన పరంజ్యోతి గారికి,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు మన్నించండి. మీ ఉత్తరం అందేసరికి మీ కట్ట ఓడెక్కేసింది. మేము చద్దరంటే దుప్పటి అనుకున్నాం. మీరు ఇనుప రేకు పంపారు! ఆ మాట మీకు రాయడానికి చెయ్యి రాలేదు.

నిన్న అక్కడి డాక్టరమ్మ ఉత్తరం వచ్చింది. దుప్పట్లు పంచిన మర్నాడే పెద్దవాన. గడ్డికప్పులన్నీ కారి దుప్పట్లు ముద్దయిపోయాయట. మీ ఎర్ర రేకు వేసిన ఒక్క గుడిసె కారలేదట. ఊళ్ళో చంటిపిల్లలందరినీ తెచ్చి అందులోనే పడుకోబెట్టారు. ఇలాంటి చద్దర్లు ఇంకా కావాలంటున్నారు.

మీ సోదరి, షీబా

తా.క.: ఈసారి గంజి సంగతి ఎత్తను.


ఖుర్సీపార్
28-1-1997

షీబా గారికి,

వందనాలు. ఇక్కడ ప్లాంటులో చద్దరంటే ఇనుప రేకే. మీరడిగింది దుప్పటని, మీ ఉత్తరం రాకముందే పాస్టరమ్మగారు చెప్పారు. అప్పటినుంచీ గుడిలో వెనక బల్ల మీదే కూర్చుంటున్నాను. తప్పు దిద్దుకుందామని మరియమ్మా, గున్నమ్మా, ఈ వీధి ఆడవాళ్ళూ పాతచీరలతో బొంతలు కుట్టారు. మెత్తనివి. నాలుగు మడతలూ పడ్డాయి. నిన్ననే లారీ ఎక్కించాం. ఇవాళ మీ ఉత్తరం వచ్చింది.

"ఇప్పుడు రేకులు కావాలంటన్నారా!" అని మరియమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత, పిల్లలు తడవలేదన్న ముక్క మళ్ళీ చదవమంది. రెండుసార్లు చదివాను.

ఇట్లు, పరంజ్యోతి

ఇంకో మాట: మొన్న దీపావళి బోనసుతో ఎబెన్ వంటింటి మీద కొత్త రేకు వేయించాడు. మరియమ్మ ఇప్పుడే నిచ్చెన తెచ్చి గోడకి ఆనించింది. గొడుగు కోసం వెతుకుతోంది. పంపనా? జవాబు తొందరగా రాయండి.