బుధ్రా రాయి మీద రాట్నం

బావా,

మీకు వినీత దండాలు. ఇక్కడ అత్త, నేను, మన నాలుగు మేకలు కులాసాగానే ఉన్నాం. మీరు కూడా హైదరాబాదులో ఒంట్లో బాగుండి, వేళకు తింటున్నారని అనుకుంటున్నాను. తేజ అన్న గురువారం వచ్చి మీరు పంపిన ఉత్తరం, ఫోటోల కవరు ఇచ్చాడు. రేపు సోమవారం బచేలిలో తిరుగు బస్సు ఎక్కుతాడట. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అనకండి. మొన్న చేసినప్పుడు మీరు కారులో స్పీకరు పెట్టారు. నేను ఒక్క మాట మొదలుపెట్టానో లేదో, చక్రధరరావు సార్ "ఏమయ్యా, మన ఆర్టిస్టేనా?" అని నవ్వారు. మీరూ నవ్వారు. ఆయన ఊరూరా తిరిగి ఫోటోలు తీసే పెద్దమనిషి, మీరు ఆయన బండి తోలి స్టాండు మోసే మనిషి. ఆయన నవ్వితే మీరూ నవ్వాలి, నాకు తెలుసు. కానీ నేను ఫోను పెట్టేశాను. భద్రాచలంలో పెద్దమ్మ ఇంట్లో ఉండి ఐదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలే ఇప్పుడు దిక్కు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

అత్త మోకాలి సంగతి అడిగారు. గోలీలు వేసుకుంటే నొప్పి తగ్గింది. కట్టెలకు పోవద్దంటే మాత్రం వినదు. "నీ లెక్క మూలకు కూసుంటే నా కాళ్లు తుప్పు పడతయ్" అంటుంది. రేకుల మీద చింతకొమ్మ పడిందన్నాను కదా, దాన్ని తీయించాం. నల్లమేక ఈనింది, రెండు పిల్లలు.

ఏ ఫోటో బాగా నచ్చిందని అడిగారు. ఒక్కటీ నచ్చలేదు బావా. ఇలా రాయడం తప్పేమో.

ఆటల పార్కు ఫోటోలో జెయింట్ వీల్ పక్కన గడ్డి గుడిసె ఉంది. దాని ముందు సిమెంటుతో ఇద్దరు మనుషుల్ని చేసి, నెత్తిన దున్న కొమ్ములు పెట్టి, మెడలో డోళ్లు వేలాడదీశారు. వెనక మీరు "మన బస్తర్!" అని రాశారు. ఆ సిమెంటు మనిషి నోట్లో ఎవరో ఐస్‌క్రీం పుల్ల గుచ్చారు, మీరు చూడలేదా? పాత సమాధుల ఫోటోలో ఒక పిల్ల పెళ్లికూతురి బట్టలు కట్టుకుని ఎవరి సమాధి మీదో వెల్లకిలా పడుకుంది. ఆమె కాళ్ల దగ్గర చిప్స్ పొట్లం. కింద ఉన్న ఆ మనిషికి ఎవరూ లేకుండా పోయారా? ఇక చార్మినార్. అంత పెద్ద పట్నంలో దాని చుట్టూ ఒక్క మనిషి కూడా లేడు. గాజులమ్మేవాళ్లు, పండ్లబండ్లవాళ్లు, అందర్నీ సార్ కంప్యూటర్లో తుడిచేశారని, తుడిచినట్టే తెలియదని మురిసిపోతూ రాశారు. వాళ్లు ఆయనకు ఏం అడ్డం వచ్చారు? నాకు అసహ్యం వేసింది. ఫోటో తిరగేసి పెట్టాను.

నాలుగోది మన ఊరి బుధ్రా రాయి. దాని గురించే ఈ ఉత్తరం.

అద్దం బిగించి పెద్ద హాల్లో పెట్టారని, కింద "అసలైన బస్తర్" అని రాశారని, జనం నిలబడి చూస్తున్నారని రాశారు. చదువుతూ ఉంటే ఆ ఫిబ్రవరి రోజు కళ్ల ముందుకు వచ్చింది. ఊళ్లో సగం మంది తెలంగాణకు మిరపకాయలు ఏరడానికి పోయారు. బుధ్రా భార్య కోసే కూడా పోయింది. దంతెవాడ రోడ్డు పక్కన పోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన నాలుగు చావురాళ్లు ఉంటే, సార్ కళ్లు బుధ్రా రాయి మీదే పడ్డాయి, నున్నగా, ఎత్తుగా ఉందని. కానీ దాని మీది బొమ్మ ఆయనకు నచ్చలేదు.

"ఇదేంటయ్యా ఉపేంద్రా? చావురాయి మీద జెయింట్ వీలా? పాతకాలం నాటిది ఏమీ లేదా?"

"ఎందుకు లేదు సార్, మా ఆమె బొమ్మలు మంచిగేస్తది. కొమ్ముల డాన్సు ఏయిస్తా" అన్నారు మీరు. నన్ను అడగనుకూడా లేదు.

బుధ్రా సంగతి సార్‌కు తెలియదు, మీకు తెలుసు. ఎనిమిదేళ్లు మీనా బజారు ఆటలవాళ్లతో ఊరూరా తిరిగాడు. ప్రతి మడై జాతరలోనూ ఆ జెయింట్ వీల్ రాట్నం తిప్పేది అతనే. ఊరి పిల్లల్ని ఊరికే ఎక్కించుకునేవాడు. పచ్చకామెర్లతో పోయినప్పుడు కోసే పట్టుబట్టి రాయి మీద రాట్నమే వేయించింది. పోయిన మనిషికి ఏది ఇష్టమో అది రాయి మీద వేస్తే, అక్కడ కూడా అతనికి అది ఉంటుందని ఇక్కడి గోండులంటారు. పై తొట్టిలో ఎర్రచీర కట్టుకుని కళ్లు మూసుకున్న ఆడమనిషి, అది కోసేనే. మనం ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆమే చూపించి నవ్వింది కదా. దాని మీద నేను కొమ్ములవాళ్లను వేశాను.

కోసే శుక్రవారం తిరిగి వచ్చింది. వస్తూనే గిన్నెలో మిరపకాయలు పెట్టుకుని మనింటికి వచ్చింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అత్త ఊరుకోదు కదా.

"కోసే, ఇటు రాయే. నా కొడుకు పంపిండు చూడు. మనూరి రాయిని పట్నంల గోడకు పెట్టిన్రంట."

మోకాలి నొప్పి వల్ల అత్త రోడ్డువైపు పోక ఏడాది అయింది. అది ఎవరి రాయో ఆమెకు తెలియదు. కోసే చేతులు తుడుచుకుని ఫోటోను అంచులు పట్టి చూసింది. గోండిలో ఏమన్నదో మన మాటల్లో రాస్తున్నాను.

"ఇదెవరి రాయి? బాగా ఆడేటోడు గావచ్చు."

బావా, సొంత మొగుడి రాయిని చూసి ఎవరిదని అడిగింది.

నేను నీళ్లు ఇచ్చి ముఖం తిప్పుకున్నాను. "ఏందే పిల్లా, మిరపకాయ ఘాటు కొడుతున్ననా, దూరం జరుగుతున్నవ్?" అని నవ్వింది. "ఆదివారం బుధ్రా దగ్గరకు పోవాలె. మూడు నెలలాయె, అలిగి ఉంటడు" అని లేచి వెళ్లిపోయింది.

ఆ రెండు రోజులు నేను తిన్నది లేదు. అన్నం కలిపితే రంగుల వాసన, కిరసనాయిలు వాసన. ఫిబ్రవరిలో గోళ్లలో పట్టిన రంగు ఎప్పుడో పోయింది, వాసన ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. బూడిదతో తోమాను, కుంకుడుకాయతో తోమాను. నా చేతులు చూస్తే నాకే రోత పుట్టింది.

అదే సమయంలో మీ ఉత్తరం చివరి పేజీ మళ్లీ చదివాను. నెలాఖరుకు సార్ పదిమంది ఫోటోలవాళ్లను తీసుకుని వస్తారు, ఈలోపు ఇంకో రెండు రాళ్లకు కొమ్ముల డాన్సు వేసి ఉంచు, నీ చెయ్యి సార్‌కు బాగా నచ్చింది అని రాశారు కదా. ఆ రెండింటిలో ఒకటి గంగే కొడుకుది. దాని మీద స్కూలు సంచి ఉంటుంది, గుర్తుందా? ఆ సంచి మీద కొమ్ములు వేయమంటారా? మనం ఏం మనుషులం బావా?

ఇంత దూరం మీ మీద, సార్ మీద కోపంతో రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాయబోయేది రాయకపోతే ఇదంతా దొంగ ఉత్తరం అవుతుంది.

ఆ రోజు సార్ ఇంకో మాట కూడా అన్నారు. "పైన చక్రం జోలికి పోవద్దమ్మా, దాన్ని నేను కెమెరాలో రానివ్వను. కింద ఖాళీలో వేస్తే చాలు." తరువాత మీరిద్దరూ టీకని బచేలి దాకా వెళ్లారు. మీరు తిరిగి వచ్చేసరికి రాట్నం లేదు. పాతరంగు తడి తగలగానే దానంతటదే ఊడిపోయిందని చెప్పాను. మీరు నమ్మారు. అది అబద్ధం. గరుకు కాగితం, కిరసనాయిలు పెట్టి నేనే రుద్దేశాను. నాకు ఎవరూ చెప్పలేదు.

ఎందుకంటే, కింద ఇద్దరు డోలు మనుషుల్ని వేశాక బాగా కుదిరారు. వెనక్కి వెళ్లి చూసుకున్నాను. పైన ఆ రాట్నం వంకరటింకరగా, పిల్లలు గీసినట్టు కనపడింది. నా బొమ్మకు అదే అడ్డం అనిపించింది. పై దాకా వేస్తే సార్ ఇంకా మెచ్చుకుంటారనుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఎవరూ నన్ను నలుగురి ముందు మెచ్చుకోలేదు. తొట్లు ఒక్కొక్కటీ పోయాయి. ఎర్రచీర రంగు గట్టిగా పట్టి ఉంది, దాన్ని రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది. అది కోసే అని తెలిసే రుద్దాను. సార్ వచ్చి "అబ్బ, ఏం చెయ్యమ్మా నీది!" అన్నప్పుడు మనసులో ఎగిరి గంతేశాను. చార్మినార్ దగ్గర ఆయన చేసిందీ, ఇక్కడ నేను చేసిందీ ఒకటే. ఆయనకు కంప్యూటర్ ఉంది, నాకు గరుకు కాగితం.

ఈ పొద్దున కోసే సీసాలో ఇప్పసారా, ఆకుదొప్ప పట్టుకుని బయల్దేరింది. దారిలో ఆపాను. నిలబడి అంతా చెప్పాను.

"మీ ఆయన తుడిచిండా?"

"కాదు. నేనే."

"ఆ పట్నపోడు తుడువుమన్నడా?"

"కాదు. నేనే, నాకు నేనే."

తిడుతుందనుకున్నాను. గబగబా నడిచింది. నేను వెనక పరుగెత్తాను. రాయి ముందు ఆగింది. తరువాత, "నేనేడున్న?" అని అడిగింది. చేత్తో చూపించాను. అక్కడ ఇప్పుడు డోలు ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టింది.

"భయానికి కండ్లు మూసుకునేదాన్ని. కింద నుంచి అరిచెటోడు. కండ్లు తెరువే, మీ అమ్మగారి ఊరు కనబడుతది అని. ఒక్కసారన్న తెరువలే."

నేను ఏడ్చాను. మళ్లీ నేనే వేస్తానన్నాను, రాట్నం నాకు గుర్తుందన్నాను.

"నీ చెయ్యి శానా బాగుంటది. అందుకే వద్దు" అంది.

మీ ఫోన్లో పాత రాట్నం ఫోటో ఉంటుందని చెప్పబోయాను. "ఫోటో ఎందుకు? నేనెక్కలేదా?" అంది. ఆ రాయికి బుధ్రా చెల్లెలి మొగుడే రంగు వేయాలట, అది వాళ్ల ఇంటి వరస. అతను కోతలయ్యాక గానీ రాడు. నా పనల్లా, నేను వేసింది నా చేత్తోనే గీకెయ్యడం. కొడవలి ఇచ్చింది. ఎండలో కూర్చుని గీకాను. ఒక కొమ్ముల మనిషి, ఇంకో మనిషి, డోళ్లు. చర్మం ఒలిచినట్టు పెచ్చులు పెచ్చులుగా ఊడి ఒళ్లో పడ్డాయి. కింద ఎక్కడైనా ఎర్రరంగు మిగిలి ఉంటుందేమోనని చూశాను. ఏమీ లేదు, అంత బాగా తుడిచాను. అంతా అయ్యాక రాయి వట్టిగా నిలబడింది.

"ఇగ కోతల దాకా ఇది ఎవ్వరి రాయి గాదు" అంది కోసే.

తరువాత దొప్పలో సారా పోసి నా చేతికిచ్చింది. రాయికి ఏం చేసినా, చేసినవాళ్లే నోటితో దానికి చెప్పాలట. నేను గొణిగాను.

"గట్టిగా చెప్పు. మిషిని చప్పుడుల బతికినోడు, గొణిగితే ఇనబడదు."

రోడ్డు మీద సంతకు పోయే ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆగిపోయారు. మన ఊరి మాసే, ఆమె కోడళ్లు, తెలియని మగవాళ్లు కూడా. నేను ఎవరి ముందూ నోరెత్తనని మీకు తెలుసు. "బుధ్రా అన్నా, నీ రాట్నం తుడిచింది నేనే. అందులో కూర్చున్న కోసేను తుడిచింది నేనే" అని అరిచాను. రెండుసార్లు. కోసే సారా పొయ్యమంది, పోశాను.

మీ తరఫున కూడా నేనే చెప్తానన్నాను. ఒప్పుకోలేదు. "బొమ్మ ఏయిస్తా అన్న నోరు ఆయనది. ఆ నోరే రావాలె" అంది. సీసా తీసుకుని ముందు నడిచింది. నేను మిరపకాయల గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్తే గుమ్మంలోనే తీసుకుంది.

అందుకని, నేను ఇంకే రాయికీ రంగు వేయను. హాల్లో ఆ ఫోటో దించమని సార్‌ను అడగండి, ఆయన నవ్వినా సరే అడగండి. ఆ పదిమందిని తీసుకురాకండి. తెస్తే నేను రాళ్ల ముందు కూర్చుంటాను, అరవడం ఇప్పుడు నాకు వచ్చు. మీరు మాత్రం రండి. ఒక్కరే రండి, సంత రోజు చూసుకుని రండి. రోడ్డు మీద ఎంతమంది ఆగి చూసినా తల దించకుండా, గట్టిగా చెప్పాలి. సారా నేను తెచ్చి పెడతాను.

ఇట్లు,
మీ మేనమామ కూతురు, మీ ఇల్లాలు
వినీత