నయమైందంటె పంపుతరు

4-4-79
దవాఖాన నుంచి పరకాలకు, అవ్వగారింటికి తెచ్చిండ్రు. వెనక అర్ర. కిటికీకి గోనెపట్ట కట్టింది అవ్వ — గాలి తగలొద్దట. చెవులల్ల దూది, తలకు బట్ట. బిడ్డ లేదు. బాలెంతనైతె బాలెంతనే.

5-4-79
పాలు వస్తానయి. అవ్వ మల్లెపూలు రొమ్ముకు పెట్టి గట్టిగ కట్టింది. "ఎండిపోతయి, ఏడ్వకు."

7-4-79
నాయిననడిగిన. బిడ్డను బట్టల సుట్టుకొని పోయి, పూడ్చి వచ్చింది ఆయనే. నేను దాని ఏడుపు విన్న గని మొఖం చూడలె... ఎక్కడ పెట్టినవ్ నాయినా? తల వంచుకొని బీడి ముట్టిచ్చిండు. అవ్వ ఉరికొచ్చింది — "పచ్చి బాలెంతవు, అసొంటి జాగ పేరెత్తకు. కుట్లు మాననియ్యి, చూద్దాం."
మానాలె. సరే.

10-4-79
పక్కింటి రాజక్క గడప అవతలనే నిలవడ్డది. "నీకేందే, వయసున్నది. ఏడాది తిరిగెలోపల ఇంకొకటి." అవ్వ "నీ నోట్ల చక్కెర పొయ్య" అన్నది. నేను గోడ దిక్కు తిరిగిన.

11-4-79
అవ్వ చెయ్యి పట్టుకొని మా వాడల దవాఖానకు నడిపిచ్చింది. కుట్లు విప్పిండ్రు. డాక్టరమ్మ వేలుతోని ఒత్తి చూసింది — "మంచిగ మానింది." నర్సు నవ్వింది — "ఇగ ఉరుకుతవు పో!"
బయటికి రాంగనె అవ్వ చెవుల — "మానిందని ఎవ్వలతోని అనకు. మీ అత్త తెల్లారేసరికి దిగుతది. వాళ్లకు మిరపకాయ ఏరే రోజులు, మనుషులు దొరుకుతలేరు."
అంటె మానలేదన్నట్టు. అంటె మల్ల అర్రలనే.

13-4-79
పండుకొని ఇదే ఆలోచన. జరం పోతె నయమైంది అంటం. పుండు ఎండితె మానింది. ఎముక విరిగితె అతికింది. అమ్మవారు పోసి దిగితె మాత్రం నయమైంది అనొద్దు, సల్లవడ్డది అనాలె — లేకుంటె తల్లికి కోపమట. అన్నిటికి మాట ఉన్నది. నా దానికి ఏమంటరో ఎవ్వల నోట వినలె. మర్సిపో అంటరు, అంతె.

15-4-79
వర్ధన్నపేట నుంచి మా ఆయన వచ్చిండు. సంత్ర పండ్లు తెచ్చిండు. గడప కాడ కూసొని "నయమైందా?" అన్నడు. తలుపు సాటు నుంచి అవ్వనే చెప్పింది — "యాడ నయం అల్లుడా, ఇంక రసి కారుతాంది." ఆయన నా మొఖం చూసిండు. నేను సంత్ర ఒలుస్తాన. ఆయన కండ్లు గూడ ఎర్రగనే ఉన్నయి. నువ్వు చూసినవా దాన్ని, అని అడుగుదామనుకున్న... అవ్వ అక్కడి నుంచి కదలలె.

16-4-79
ఉక్క. గోనెపట్ట తియ్యమంటె అవ్వ తియ్యది. నా మీది పానంతోనే. అదే బాధ — కోపం జేద్దామన్నా రాదు.

18-4-79
నాయిన బిందె పెట్టవచ్చి, అటిటు చూసి, మెల్లగ అన్నడు — "బస్టాండు తొవ్వల. మోరి దాటినంక, తుమ్మ చెట్ల కింద." పోయిండు.
ఆ తొవ్వనే నన్ను తెచ్చింది. తెల్వక కండ్లు మూసుకొని పండుకున్న బండిల!
మానలేదంటె ఈ అర్ర. మానిందంటె మిరప చేను. నడుమ ఆ తుమ్మలు.

20-4-79
అత్త వచ్చింది. "ఏమే, ఇంకెన్నాళ్లు పండుకుంటవు? కనంగనె ముసల్దానివైనవా?" అవ్వ నోరు తెరవకముందుకే అన్న — నయమైందత్తా.
అవ్వ చేతులున్న చెంబు కింద పెట్టింది. నా దిక్కు చూడలె. అన్నం తినమని గూడ అనలె ఇయ్యాల.

22-4-79
నాయిన ఎడ్లను కడుతాండు. నేను పోయి పక్కన నిలవడి అడిగిన — తుమ్మల కాడ జర ఆపుతవా, దిగ, ఉత్తగ చూస్త. కాడికి తాడు బిగిస్తనే ఉన్నడు.
అత్త అప్పుడే ఎక్కి కూసున్నది. "బస్సు పోతది అన్నా, నడుమల ఎక్కడ ఆపకు" అంటాంది.
నాయిన ముల్లుగర్ర చేతుల పట్టుకున్నడు. సరే అనలె. వద్దనలె. ఎక్కు బిడ్డా అన్నడు.