అక్కను కోసేసిన యంత్రం

మైలాపూరు,
మంగళవారం.

పురసవాక్కం నిలువుతెర స్టూడియో రాశి గారికి,

వాట్సాప్‌లో నా కోపం పట్టదు గనుక కాగితం మీద రాస్తున్నాను. మా అక్క అలమేలుమంగ నలభై అయిదేళ్ల కిందట సినిమాల్లో గ్రూప్ డాన్సర్. ఆదివారం ఆమె డెబ్బయ్యో పుట్టినరోజు. వచ్చినవాళ్లంతా ఫోన్లలో చూడాలని, ఆమెకు ముందే తెలియకుండా, ఆమె ఆడిన పాటను నిలువుగా మార్చమని మీకిచ్చాను. మీరేం చేశారు? హీరోయిన్‌ను నిలబెట్టి, ఎడమ అంచున ఉన్న మా అక్కతో సహా ఇరవై మంది శ్రామిక మహిళలను కోసిపారేశారు! ఎవరు ముఖ్యమో తేల్చడానికి మీ యంత్రమేమన్నా జమీందారా?

ఆగ్రహంతో,
కొండలరావు

తా.క.: ఈ ఉత్తరం యంత్రానికీ చదివి వినిపించండి.

*

పురసవాక్కం,
బుధవారం.

పెద్దలు కొండలరావు గారికి నమస్కారాలు.

మా సాఫ్ట్‌వేర్‌కు పక్షపాతం లేదు సార్. బాగా కదిలేవాళ్లను ఉంచి, మిగతా చోటు తీసేస్తుంది. ఈసారి మీరే చెప్పండి. పాటలోంచి తీసిన ఫొటో పంపుతున్నాను. ముఖ్యమైనవాళ్ల మీద టిక్ పెట్టండి. వాళ్లను తీసేయదు.

విధేయురాలు,
రాశి

తా.క.: మీ ఉత్తరం యంత్రానికిచ్చాను. రెండు వాక్యాలే ఉంచింది.

*

మైలాపూరు,
శుక్రవారం.

రాశి గారూ,

ముఖ్యం కానివాళ్లెవరండీ? ఇరవై రెండు మందికీ టిక్ పెట్టాను. సమానత్వం అడిగితే మునక్కాయల కట్టలాంటి వీడియో పంపుతారా? అందరినీ నొక్కి సన్నం చేశారు! హీరోగారి పొట్ట మాయమైందని మా ఆవిడ కాంచన ఒకటే నవ్వు. నేను నవ్వలేదు. అణిచివేత ఏ రూపంలో వచ్చినా అణిచివేతే.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, మొహాలు గుర్తుపట్టలేను. కానీ “ఓరగా నిలబడి ఆడాన్రా” అని అక్కే చెప్పింది. ఓరం అంటే అంచే కదా! ఇక దాపరికం పోతే పోయింది, రేపు అక్కనే పంపుతున్నాను. నాకు ధర్నా ఉంది.

రాజీలేని,
కొండలరావు

తా.క.: ఆమెకు కాఫీలో చక్కెర వేయకండి. అడుగుతుంది.

*

పురసవాక్కం,
శనివారం.

కొండలరావు గారికి,

పెద్దమ్మ వచ్చారు. ఎడమ చివరి అమ్మాయిని చూపించి “మీరేనా?” అన్నాను.

“అయ్యో, అది ప్రగతి. నేనుండేది ఆడ కాదు. ఈడ చూడు, నట్టనడుమ!”

గిరగిరా తిరుగుతున్నది హీరోయిన్ కాదట సార్. ఆమెకు గిరికీలు రాక, అదే రంగు చీర కట్టి మీ అక్కగారిని తిప్పారట.

“మొహం తెలవకుండా ఓరగా, పక్కకు తిరిగి నిలబడమన్నారు. మావోడు దాన్ని అరవం ఓరం చేసినాడా? వాడికి కోపం రెండు భాషల్లో వస్తుంది, చెవి ఒక్క భాషలోనే పనిచేస్తుంది.”

అంటే మా యంత్రం మొదటిరోజే ఆమెను కనిపెట్టింది! ఆ మాటే చెప్పి, ఆ నిలువు వీడియో చూపించాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. “ఆ పిల్లలు లేకుండా నేనొక్కదాన్నే తిరిగితే పిచ్చిదనుకుంటారు. అందరం ఉండాల్సిందే” అన్నారు. అందుకే మీ పాత వెడల్పు పాటనే తిప్పి పంపుతున్నాను. రేపు చుట్టాలు ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటే చాలు.

సెలవు,
రాశి

తా.క.: వెళ్తూ వెళ్తూ మా ఇరుకు గదిలోనే ఒక గిరికీ తిరిగి చూపించారు. కొంగు తగిలి మానిటర్ పడింది. ఆవిడ పడలేదు.