‘య’తో పేరు అడిగావు కదా

మార్చి 11, సోమవారం

చిన్నతల్లికి,

పురిటి గదిలో తల్లినీ బిడ్డనూ కాచిన ప్రభువుకు వందనాలు చెల్లించి నాన్న రాస్తున్నది. మేం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి మాత్రం నా ప్రసంగం లాంటిదట, మొదలైతే ఆగదని తనే అంటోంది. కింద షాపుకి రిపేరు కుట్టుమిషన్లు బాగానే వస్తున్నాయి. పైన ప్రార్థన గదిలోనే జనం పలచబడ్డారు. కారణం చెబుతాను.

దేవుని పేరు మొదలయ్యే ‘య’తోనే బాబు పేరు ఉండాలని అల్లుడుగారు పట్టుబట్టారని రాశావు. మంచి కోరిక. యోనాతాను అంటే యెహోవా ఇచ్చినవాడు. యెషయా అంటే యెహోవాయే రక్షణ. యెదీద్యా అంటే యెహోవాకు ప్రియుడు. ఒకదాన్ని మించినది ఒకటి. అయినా ఈ మూడూ వద్దంటున్నాను.

మన పద్ధతి నీకు తెలుసు. నేను పేరు పెట్టి పిలుస్తాను, మాటలు రాని బిడ్డ తరఫున సంఘమంతా ‘ఇదిగో ఉన్నాను’ అంటుంది. పోయిన నెల దర్జీ మనవణ్ణి ఎత్తుకుని యోనా అని పిలిచాను. పావురం అని అర్థం. సంఘం నోరు తెరవకముందే ఓ సన్నని గొంతు ‘ఇదిగో ఉన్నాను’ అంది. అందరూ నావైపు చూశారు. నేను తలుపువైపు చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు.

ఆనాటి నుంచి ఆ పసివాడు ఏడవడం మానేశాడు. ఆకలేసినా ఏడవడు, చీమ కుట్టినా ఏడవడు. బుద్ధిమంతుడని వాళ్ల నానమ్మ మురిసిపోతోంది. తల్లి మాత్రం, వీడు నన్ను అమ్మలా చూడటం లేదయ్యగారూ, ఎవరో అద్దెకొచ్చినవాళ్లు చూసినట్టు చూస్తున్నాడు అంటూ నా ముందు కూలబడింది.

పేరంటే పిలుపే కదా. గుమ్మం దగ్గర కాచుకున్నవాడు బిడ్డకంటే ముందు పలికితే ఆ పిలుపు వాడిదే అయిపోతుంది. అందుకే తలుపు దగ్గరగా వేసి, మన బాబుకు అనుకున్న పేర్లు ఒక్కొక్కటే ఖాళీ గదిలో పిలిచి చూశాను. యోనాతాను అన్నాను, పలికింది. యెషయా అన్నాను, పలికింది. యెదీద్యా అని పూర్తి చేయనేలేదు, పలికింది. చివరికి యబ్బేజు అన్నాను. చప్పుడు లేదు.

యబ్బేజు అంటే వేదన. వేదన పుచ్చుకోవడానికి ఏ దయ్యమూ ముందుకు రాదమ్మా. నొప్పులు పడ్డ తల్లి ఆ పేరు పెట్టినా, ఆ మనిషి కీడు తగలనివ్వకని మొరపెట్టి దీవెన పొందాడని వాక్యం చెబుతోంది. మీ అత్తగారు మూతి విరిచినా సరే, ఆ పేరే పెడదాం. ఆదివారం బాబును తీసుకురండి. నేనే పిలుస్తాను.

దీవెనలతో,
నాన్న

తా.క. కవరు అంటించబోతుంటే మీ అమ్మ ఉత్తరం లాక్కుని చదివింది. చదివి, అసలు సంగతి చెప్పింది. నేను పేర్లు పిలుస్తున్నంతసేపూ తను తలుపు సందులోంచి చూస్తూనే ఉందట. పిలిచేదీ మీరే, పలికేదీ మీరే, ఆ సన్నగొంతు మీ నోట్లోంచే వస్తోందండీ అంది. దర్జీ మనవడి రోజునా అంతేనట. సంఘమంతా చూసింది, నాతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మరి యబ్బేజుకు ఎందుకు పలకలేదని అడిగాను. పలకలేదు, మీరు నవ్వారు అంది.

ఆదివారం రావద్దు. ఆ పేరూ వద్దు. మీకు నచ్చిన పేరుతో నువ్వే వాడి చెవిలో పిలిచి, వాడి తరఫున నువ్వే పలుకు. రేపు నేనే మీ గుమ్మంలో నిలబడి, తాతను కదా అని ఎంత బతిమాలినా, వాడి పేరు మాత్రం నాకు చెప్పకు.