శభాష్ అనిపించుకున్న నాలుగు కిలోలు

ఆసుపత్రి పెద్ద డాక్టరుగారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా అమ్మాయి లావు గురించి కాదు. ఆ సంగతి ఇప్పటికి మూడుసార్లు విన్నాం. విషయం వేరే.

నేను కాటాలు బాగుచేసేవాణ్ని. లేక లేక పుట్టిన కూతురు, పదేళ్లది. తమ గది బయట బెంచీ మీద పిల్లతో, మా ఆవిడతో కూర్చుని చేసుకుంటున్న మనవి ఏమనగా:

1. మొదటిసారి కడుపునొప్పి అని తెచ్చాము. నర్సమ్మ పిల్లను కాటా ఎక్కించి, బరువు చీటీ పైన ఎర్రసిరాతో రాసింది. పిల్లల డాక్టరుగారు ఆ ఎర్ర అంకెను చూశారు, పిల్లను చూడలేదు. "తిండి తగ్గించండి" అన్నారు.

2. రెండోసారి దాహం. బిందె దగ్గరే కాపురం, గంటకోసారి ఒంటికి పోవడం. "నీళ్లు మంచివే, సన్నబడుతుంది" అని సెలవిచ్చారు. పొట్ట మీద చెయ్యయినా వేయలేదు.

3. నిన్న మూడోసారి. మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గింది. "శభాష్, ఇలాగే కానీ" అని చప్పట్లు కొట్టి, వచ్చే నెల రమ్మన్నారు. ఆ గదిలో మా పిల్ల నవ్వడం అదే మొదలు. ఇంటికొచ్చాక, "నాన్నా, నీరసంగా ఉందని ఆయనకు చెప్పొద్దు. శభాష్ వెనక్కి తీసుకుంటారు" అంది.

4. పిల్ల రెండింతలు తింటోంది. తింటూ తగ్గడమేమిటని తమ కాటానే అనుమానించాను. ఈ పొద్దున నా ఇరవై కిలోల తూకంరాయి తెచ్చి దాని మీద పెట్టాను.

"రాయికి కూడా చీటీ రాయమంటావా బాబాయ్?" అంది నర్సమ్మ.

"రాయమ్మా. దీన్నయితే తిండి తగ్గించమనరుగా" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ముల్లు ఇరవై మీద నిలబడింది, వెంట్రుకంత తేడా లేదు. నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్ల పనిలో కాటా సరిగ్గా ఉందని భయపడటం ఇదే మొదటిసారి.

5. పొద్దుటి నుంచి పిల్ల కూర్చున్నచోటే పరుగెత్తినట్టు రొప్పుతోంది. నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసన.

కావున వచ్చే నెల అనక, ఈ పూటే రక్తపరీక్ష రాయించగలరు. చీటీ పైనున్న ఎర్ర అంకెను విడిచి, దయచేసి పిల్లను చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాటాల మేస్త్రీ

తా.క.: తలుపు దగ్గరి మనిషి "అయ్యగారు వార్డుల్లో తిరుగుతున్నారు, కూర్చో" అంటున్నాడు. కూర్చునే ఉన్నాను. మా ఆవిడ పిలుస్తోంది. ఒక్క నిమిషం అన్నాను. పెళ్లయిన నాటి నుంచి 'ఏమండీ' తప్ప ఎరగని మనిషి, ఇప్పుడు నన్ను పేరు పెట్టి